మింగిన దగ్గు

మా ఆయన గొంతులో సూదులు గుచ్చుతామని చెప్పగానే, సంతకం పెట్టడానికి అందుకున్న పెన్ను మళ్ళీ బల్ల మీద పెట్టేశాను. చేతికి గుచ్చండి, కాలికి గుచ్చండి, వీపంతా జల్లెడ చెయ్యండి, కాదనను. గొంతు జోలికి మాత్రం రావద్దన్నాను. ఇరవయ్యారేళ్ళు మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆ గొంతు మీదే. మా ఆయన రేడియోలో వార్తలు చదివేవారు. స్టేషన్లో అందరూ ఆయన్ని కంచు అని పిలిచేవాళ్ళు. అద్దానికి ఇవతల కన్సోల్ ముందు కూర్చుని, ఆ కంచుని జనం చెవుల్లోకి వదిలే ఉద్యోగం నాది. మా పెళ్ళి కూడా ఆ అద్దంలోంచే కుదిరింది. అది ఇప్పుడెందుకులెండి.

"గొంతు పడిపోతే గొంతుకి కాక గోడకి గుచ్చమంటారా?" అంది సూదులావిడ.

ఏభై దాటిన మనిషి, పొట్టి, మాట పెళుసు. కోటు జేబులో సూదుల పెట్టె. పక్షవాతం వచ్చినవాళ్ళ వార్డులో వారానికి ఐదు రోజులు మంచం మంచానికీ తిరిగి ఆక్యుపంక్చర్ చేస్తుంది.

"ఇది పనిచేస్తుందా?" అనడిగాను.

"కొందరికి చేస్తుంది, కొందరికి చెయ్యదు. ఎవరికి చేస్తుందో ముందే తెలిస్తే నేనీ మెట్లెక్కి రావడమెందుకు, వాళ్ళే నా ఇంటికొచ్చి నిలబడతారు. నా సూదులొక్కటే కాదు, మింగడం నేర్పడానికొచ్చే అమ్మాయి చేయించే కసరత్తులూ మానకూడదు. రెండూ కలిస్తే చూద్దాం."

ఇంత కచ్చితంగా తెలియదని చెప్పే మనిషిని నమ్మాలో పారిపోవాలో అర్థం కాలేదు. చివరికి సంతకం పెట్టాను. పెట్టకేం చేస్తాను?

ఎందుకంటే అప్పటికే ఒకసారి ఆయన్ని చంపబోయాం. పక్షవాతం కుడి చెయ్యీ, కుడి కాలూ, సగం మాటా పట్టుకుపోయిందని మొదటిరోజే తెలిసింది. మింగడం కూడా పట్టుకుపోయిందని తెలియలేదు. మా వదిన, అంటే ఆయన అక్కగారు, తమ్ముడి పెదాలు ఎండిపోయాయని చెంచాతో నాలుగు గుక్కలు నీళ్ళు పోసింది. ఆయనకి పొలమారలేదు. దగ్గు రాలేదు. బుద్ధిగా మింగినట్టే ఉన్నారు. "చూశావుటే, నా తమ్ముడు రాయి" అని వదిన మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఆ నీళ్ళు కడుపులోకి పోలేదు, ఊపిరితిత్తుల్లోకి పోయాయి. మూడోనాటికి జ్వరం, నిమ్ము. పదకొండు రోజులు ఆయన ఛాతీ పైకీ కిందికీ కదలడం లెక్కపెడుతూ కూర్చున్నాను. గండం గడిచాక పెద్ద డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, "ఇంకోసారి నిమ్ము చేస్తే తట్టుకోలేరమ్మా" అన్నాడు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేశారు. అన్నీ అందులోంచే.

అప్పట్నుంచి నాకు నీళ్ళంటే భయం. ఎవరైనా ఆయన మంచం దగ్గర గ్లాసు పెడితే నా గుండె గుభేలుమనేది. వార్డు తుడిచే ఆమె తడిగుడ్డ పిండినా ఉలిక్కిపడేదాన్ని. వదిన నన్ను చూసి నవ్వేది, కానీ తను కూడా చెంచా ముట్టుకోవడం మానేసింది.

మొదటిసారి సూదులు గుచ్చినప్పుడు మంచం పట్టీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. జుట్టంత సన్నటి సూది. సన్నటి గొట్టంలో పెట్టి, గొట్టం చర్మానికి ఆనించి, వేలితో ఒక్క తట్టు. మెడ వెనక రెండు, చేతి మీద ఒకటి, మోకాలి కింద ఒకటి. చివరికి గడ్డం కింద, గొంతుముడికి పైన ఒకటి. అది ఆయన ఊపిరి తీసినప్పుడల్లా కదులుతోంది. నా ఊపిరి నేను బిగబట్టాను.

"ఏమైనా తెలుస్తోందా? బరువుగా, లోపల లాగినట్టు?" అని సూదిని వేళ్ళ మధ్య తిప్పుతూ అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"మీ ఆయన గొంతులో కాపలావాడు నిద్రపోయాడమ్మా" అంది నావైపు తిరిగి. "నీళ్ళు దారి తప్పి పోతున్నా లేవడు. ముందు వాడు లేవాలి. లేస్తే అరుస్తాడు. ఆ అరుపే దగ్గు. దగ్గొచ్చిన రోజు నాకు చెప్పండి."

మొగుడికి దగ్గు రావాలని కాచుకు కూర్చున్న ఆడది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

రోజూ ఉదయం సూదులు. తీసేటప్పుడు సూదులావిడ లెక్కపెట్టుకుని పసుపు డబ్బాలో వేసేది, ఆవిడతో పాటు నేనూ లెక్కపెట్టేదాన్ని. మధ్యాహ్నం కసరత్తులు. వాటి కోసం వచ్చే అమ్మాయికి నేను మింగుడమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. మింగడం మళ్ళీ నేర్పించడమే ఆ పిల్ల చదువు. ఐసులో ముంచిన చెంచాతో నాలుక వెనక తాకించేది, ఉత్తి గుటకలు వేయించేది, "ఆ" అని సాగదీయించేది. మా ఆయన "ఆ" అంటే ఒకప్పుడు నా కన్సోల్ మీద శబ్దం కొలిచే మీటరు ముల్లు చివరిదాకా పోయేది. ఇప్పుడు అది గరగరమంటూ సగంలో ఆగిపోయేది. విన్న ప్రతిసారీ నేను కిటికీవైపు తిరిగేదాన్ని.

మూడోవారంలో ఒక ఉదయం, గొంతు దగ్గర సూది తిప్పుతుండగా ఆయన మొహం చిట్లించి, "లా...గుతోం...ది" అన్నారు. సూదులావిడ ఇంకో రెండుసార్లు తిప్పింది. ఆ మధ్యాహ్నమే మింగుడమ్మాయి నాలుక మీద చిన్న ఐసుముక్క పెడితే, అది కరిగి జారగానే దగ్గొచ్చింది. చిన్న దగ్గు. పిల్లి తుమ్మినట్టు.

"ఎవరో తలుచుకుంటున్నార్రా!" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ.

నేను వరండాలోకి పరిగెత్తి సూదులావిణ్ణి వెతికి పట్టుకున్నాను. ఆవిడ నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపింది. "లేచాడన్నమాట వెధవ. ఇంకా మత్తులో ఉంటాడు. తొందరపడకండి" అంది.

ఆ వారమంతా దగ్గారు. ఐసుముక్క పెడితే దగ్గు, తడిచెంచా పెడితే దగ్గు. దగ్గినప్పుడల్లా ఆయన నావైపు తప్పుచేసినట్టు చూసేవారు. పక్షవాతం మొహం కదా, అలాగే ఉంటుందనుకున్నాను.

ఆ వారమే పక్క మంచం మేస్త్రీని పంపేశారు. గోడలు కట్టే మనిషి, అరచేతులు చెక్కలా ఉండేవి. అతనికీ మింగుడు లేదు. రెండు నెలలైనా పరీక్షలో ప్రతి చెంచాకీ దగ్గు. ఇక ముక్కు గొట్టం ఉంచకూడదని కడుపుకి చిల్లు పెట్టి అక్కడే గొట్టం అమర్చారు. అతని భార్య రోజూ పనికి పోవాలి, ఆ గొట్టం చూసుకోవడం తనవల్ల కాదంది. మంచాన పడ్డవాళ్ళని ఉంచుకునే హోమ్‌కి పంపించారు. చక్రాల కుర్చీలో వెళ్తూ మేస్త్రీ వెనక్కి తిరిగి మా ఆయనకేసి ఒక చెయ్యి ఎత్తాడు. మా ఆయన ఎడం చెయ్యి ఎత్తారు.

ఆ మర్నాటి నుంచి ఆయనకి దగ్గు ఆగిపోయింది.

అందరికీ నెత్తిన పాలు పోసినట్టైంది. ఐసుముక్క మింగారు, దగ్గలేదు. తడిచెంచా, దగ్గలేదు. "ఆ" అనమంటే సాఫీగా అన్నారు, గరగర లేదు. మింగుడమ్మాయి నాలుగు రోజులు చూసి, ఐదోరోజు అసలు పరీక్ష పెడతానంది. లోపల నీళ్ళు ఎటు పోతున్నాయో ఎక్స్‌రేలో చూసే పరీక్ష కూడా ఉందిట, కానీ దానికి మా వంతు రావాలంటే ఇంకా రెండు వారాలు. ఈ పరీక్ష గట్టెక్కితే ఆ రోజే గొట్టం తీసి, కొంచెం కొంచెంగా నోటితో మొదలుపెట్టొచ్చంది. వదిన పొద్దున్నే ఫ్లాస్కు నిండా టీ తెచ్చి మంచం కింద దాచింది. తమ్ముడి మొదటి గుక్క తన చేతి టీ కావాలిట.

మంచం తలవైపు ఎత్తారు. నేను ఆయన కాళ్ళవైపు, ఎదురుగా నిలబడ్డాను. మొదటి చెంచా నీళ్ళు. గొంతుముడి లేచింది, దిగింది. దగ్గు లేదు.

"ఆ అనండి."

"ఆ..."

రెండో చెంచా. అప్పుడు చూశాను. దుప్పటి మీద పెట్టిన ఎడం చేతి చూపుడువేలూ మధ్యవేలూ కొంచెం పైకి లేచాయి.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

చెబితే గాని తెలియని విషయమిది. వార్తలు చదివేటప్పుడు దగ్గొస్తే ఏం చెయ్యాలి? ఊరంతా వింటుంటే దగ్గకూడదు. అందుకు ఆయన దగ్గుని గొంతులోనే పట్టి ఉంచి, కాగితం మీదనుంచి రెండు వేళ్ళు లేపేవారు. అద్దంలోంచి నేను చూసి మైకు ఫేడరు, అంటే శబ్దం తగ్గించే మీట, కిందికి లాగేదాన్ని. ఆయన దగ్గుకునేవారు. నేను మళ్ళీ పైకి తోసేదాన్ని. అంతా ఒక్క ఊపిరిలో అయిపోయేది. ఫేడరు దిగేదాకా ఎంతసేపైనా పట్టి ఉంచేవారు, చెవులు ఎర్రబడేవి కానీ మాటలో జీర వినిపించేది కాదు. గొంతు చప్పుడు లేకుండా సవరించుకోవడం ఆయనకి మంచినీళ్ళ ప్రాయం. ఇరవయ్యారేళ్ళలో ఆయన దగ్గు విన్నదాన్ని నేనొక్కదాన్నే.

ఆయన చెవులు చూశాను. ఎర్రగా ఉన్నాయి.

"ఆగమ్మా, ఆపు" అన్నాను. "ఆయనకి దగ్గొస్తోంది. మింగేస్తున్నారు."

మింగుడమ్మాయి చెంచా పట్టుకుని తెల్లబోయింది. "దగ్గు మింగడమేంటమ్మా? గొంతు బాగానే ఉంది కదా, విన్నారుగా?"

"అదే ఆయన విద్య!"

"అబద్ధం" అన్నారు ఆయన. నావైపు చూసిన చూపుకి నా ఒళ్ళు చల్లబడింది. నలభై రోజుల్లో ఆయన అంత స్పష్టంగా పలికిన మాట అదొక్కటే.

"నీకు భయం పట్టుకుందే" అంది వదిన. "తాడు చూసినా పాములాగే ఉంది నీకు. వాడు నెలన్నర నుంచి గుక్క నీళ్ళకి మొహం వాచిపోయాడు. నోటి దగ్గర కూడు లాగేస్తావా?"

నాకూ అనుమానం వచ్చింది. వేళ్ళు ఊరికే కదిలాయేమో. భయంతో కళ్ళు లేనివి చూస్తాయి. నా మాట నెగ్గితే ఆయనకి గొట్టం ఉండిపోతుంది, నా మీద పగ ఉండిపోతుంది. నెగ్గకపోతే, నేను చూసింది నిజమైతే, వారంలో ఆయన ఉండరు. ఈ రెండిటి మధ్యా, నిజంగానే మింగలేక కక్కలేక నిలబడ్డాను.

ఉదయం సూదులు పెట్టడం ఆలస్యమై అప్పుడే వచ్చింది సూదులావిడ. ముగ్గురం ఒకేసారి చెప్పాం. ఆవిడ అందరి మాటా విని, ఆయన గొంతు మీద వేళ్ళు ఆనించి చూసింది. తరవాత నాతో, "మీకు తెలిసింది మాకు చూపించగలరా?" అంది.

"మూడో చెంచా పొయ్యమ్మా" అన్నాను. "సగమే."

పోసింది. గొంతుముడి లేచింది, దిగింది. రెండు వేళ్ళూ లేచాయి. నేను ఆయన కళ్ళలోకి చూస్తూ, కుడిచెయ్యి గాలిలో ఎత్తి కిందికి లాగాను, ఫేడరు లాగినట్టు.

దగ్గారు.

పిల్లి తుమ్ము కాదు. ఐదు రోజులు పట్టి ఉంచిందంతా ఒక్కసారి తెగింది. మంచం ఊగింది. నీళ్ళు, కఫం, కళ్ళవెంట నీళ్ళు. మొహం ఎర్రబడి, నీలమైంది. మింగుడమ్మాయి కఫం లాగే యంత్రం కోసం పరిగెత్తింది. సూదులావిడ ఆయన్ని ముందుకి వంచి పట్టుకుంది. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఎత్తిన చెయ్యి దించడం కూడా మరిచిపోయాను. చంపేశాను, నా చేత్తో నేనే చంపేశాను అనుకున్నాను. యంత్రం గుర్రుగుర్రుమంటూ గొంతులోంచి తెల్లటి నీళ్ళు లాగింది. ఆయన ఊపిరి మళ్ళీ దారిలో పడేసరికి పది నిమిషాలు పట్టింది.

"నాలుగు రోజుల్నుంచీ లోపలికి పోతోందన్నమాట" అంది మింగుడమ్మాయి. ఛాతీ ఎక్స్‌రే తీశారు. కుడివైపు అడుగున చిన్న మచ్చ. ఇంకా నిమ్ము కాలేదు, ఇప్పుడే మందు పడితే ఆగుతుందన్నారు. గొట్టం ఉండిపోయింది. వదిన ఫ్లాస్కు తీసుకెళ్ళి సింకులో వంపేసి వచ్చి, నా పక్కన కూర్చుంది.

మర్నాడు ఉదయం సూదులావిడ వస్తే ఆయన ఎడంచేత్తో ఆవిడ చెయ్యి తోసేశారు. మళ్ళీ వస్తే మళ్ళీ తోసేశారు. పెదాలు బిగించి గోడవైపు తిరిగారు.

"వద్దన్న మనిషికి నేను గుచ్చను" అంది ఆవిడ. "కానీ ఒకటి చెబుతున్నా వినండి. దగ్గొచ్చిందంటే గొంతు బతికినట్టు. లేచిన కాపలావాడి నోరు నొక్కింది మీరే. వాణ్ణి అరవనిస్తే ఎప్పటికైనా నీళ్ళు తాగుతారు. లేదంటే మీ ఇష్టం."

ఆయన కదల్లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరికి వార్తలు చదువుతున్నారండీ ఇక్కడ?" అన్నాను. "ఎవరు వింటున్నారని దాచారు? చచ్చిపోయేవారు తెలుసా? నాకు ఒక్కరోజు నిద్ర లేదు, మీ ఛాతీ కదులుతుందో లేదో చూసుకుంటూ కూర్చున్నాను, మీరేమో..." ఇంకా చాలా అన్నాను. అరుస్తున్నానని వదిన నా చెయ్యి పట్టి లాగేదాకా అన్నాను.

ఆయన గోడవైపు నుంచి తిరిగారు. కళ్ళలో కోపం లేదు. ఆ కళ్ళలో ఉన్నది నేను ముందెప్పుడూ చూడలేదు. వరదలూ యుద్ధాలూ చదివారు, ఒక్కసారి కూడా గొంతు వణకని మనిషి.

"భ...యం" అన్నారు.

"గొట్టమంటేనా?"

తల అడ్డంగా ఊపారు. ఎడంచెయ్యి ఎత్తి ఖాళీగా ఉన్న పక్కమంచం చూపించారు. తరవాత తలుపు చూపించారు. తరవాత నన్ను.

"నువ్వూ... అన్...నావు" అన్నారు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఇప్పటిదాకా సిగ్గేసి చెప్పలేదు. మేస్త్రీ భార్య తనవల్ల కాదని ఏడుస్తున్న రోజు నేను ఆమె వీపు నిమిరాను. నిమురుతూ, "నువ్వు తప్పేం చెయ్యలేదమ్మా, నేనైనా అంతే చేసేదాన్ని" అన్నాను. ఆ రెండు మంచాల మధ్య నిలబడే అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాను.

పరీక్షలో దగ్గితే పంపేస్తారని ఐదు రోజులు ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోతున్నా పట్టి ఉంచారు. పంపేది ఆసుపత్రి కాదు, నేను.

ఆమెని ఓదార్చడానికి అన్న మాటండీ అని చెప్పబోయాను. నోరు రాలేదు. ఎందుకంటే అది ఒట్టి ఓదార్పు కాదు. ఆ రోజు నాకు నిజంగానే అలా అనిపించింది.

"అన్నాను" అన్నాను. "భయమేసి అన్నాను. ఇప్పుడూ భయంగానే ఉంది. మీకు నోటితో పెట్టాలన్నా భయమే, కడుపుకి చిల్లు పెడతారన్నా భయమే. అయినా మిమ్మల్ని ఎక్కడికీ పంపను. దగ్గినా పంపను."

ఆయన చాలాసేపు నా మొహం చూశారు. అద్దం అవతలనుంచి చూసినట్టు కాదు, ఇంకా దగ్గరగా, ఏదో వెతుకుతున్నట్టు. నా మాట నమ్మారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. గడ్డం మాత్రం పైకెత్తారు, సూదులావిడ చేతికి గొంతు అందేలా.